మొక్కల వాళ్ళ కబుర్లకి పేపర్లో కాస్త చోటివ్వండి

ఎడిటర్ గారికి,

నమస్కారమండీ. మొక్కల చిట్కాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంకా చిట్కాలు కావాలని కాదు, అవి కాస్త తగ్గించి ఆ చోటు మొక్కలు పెంచేవాళ్ళ కబుర్లకి ఇమ్మని అడగడానికి.

వసంతం దగ్గరపడిందంటే చాలు చిట్కాల వాన మొదలవుతుంది. "కాఫీ పిప్పి పారేయకండి, మొక్కలకి వేయండి, పూలే పూలు" అని ఒక్క లైను, పక్కన ఒక గులాబీ ఫోటో. ఏ మొక్కకి వేయాలి, ఎంత వేయాలి, కుండీలోనా నేలలోనా, పైన చల్లాలా మట్టిలో కలపాలా, వీటిలో ఒక్కదానికీ జవాబు ఉండదు. చదివినవాళ్ళు పాపం ఆ సాయంత్రమే డికాక్షన్ తీసిన పిప్పంతా తెచ్చి కనిపించిన కుండీలన్నిటిలో కుమ్మరిస్తారు, కొన్నాళ్ళకి మొలకలు లేవలేదనో మట్టి మీద బూజు పట్టిందనో బాధపడతారు, ఇంకొంతమంది అయితే మన చేతికి మొక్కలు అచ్చిరావులే అనుకుని మానేస్తారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ చివరిదే. చెయ్యి అచ్చిరాకపోవడం ఏమీ ఉండదండీ, చెప్పినవాళ్ళు సగమే చెప్పారు, అంతే.

అదే కాఫీ పిప్పి మాట ఇద్దరు మొక్కల వాళ్ళు గోడకి అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడుకుంటే ఇలా ఉంటుంది.

"అక్కా, నువ్వు కాఫీ పిప్పి వేస్తావా మొక్కలకి?"

"వేస్తానమ్మా, కానీ నేరుగా కాదు. ఎండుటాకులతో కలిపి కంపోస్ట్ డబ్బాలో పడేస్తాను."

"అయ్యో, నేను పైనే చల్లేశానే!"

"ఎంత మందంగా? పలచగా అయితే ఏం కాదులే, వేళ్ళతో గీరి మట్టిలో కలిపెయ్. ఆ చివరి కుండీలో ఏంటి, మిరప గింజలు పెట్టావా? దాంట్లోంచి మాత్రం తీసెయ్, మొలకలు సరిగ్గా లేవవు."

కాఫీ తాగుతూ ఆడుకున్న మాటలు ఇవి, ఐదు నిమిషాలు కూడా పట్టవు, కానీ వీటిలో ఎన్ని సంగతులు వచ్చేశాయో చూడండి. పెరిగిన మొక్కకీ అప్పుడే నాటిన గింజకీ తేడా వచ్చింది, పలచగా వేయడానికీ మందంగా వేయడానికీ తేడా వచ్చింది, చేసేసినదాన్ని ఎలా సరిచేసుకోవాలో కూడా వచ్చింది. పైగా అడిగినామె కుండీలు ఆ అక్క కళ్ళముందే ఉన్నాయి. చిట్కా అనేది రోగిని చూడకుండా రాసిన మందుల చీటీ లాంటిది, మందు మంచిదే కావచ్చు, ఎవరికి అన్నది తెలియదు.

ఈ కాఫీ పిప్పి సంగతే కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దీని మీద ఉన్నన్ని సగం సగం మాటలు మరి దేని మీదా లేవు. పిప్పి పుల్లగా ఉంటుంది, మట్టిని పుల్లగా మారుస్తుంది అని చాలామంది నమ్మకం. కాఫీలో ఉండే ఆమ్లాలు చాలావరకు నీళ్ళలో కరిగేవే, అవి డికాక్షన్‌తో పాటు కిందకి దిగిపోతాయి, మిగిలిన పిప్పి పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, 7 అయితే తటస్థం) చూస్తే చాలాసార్లు 6.5, 6.8 దగ్గర ఉంటుంది, అంటే దాదాపు తటస్థమే. వాడని పొడి వేరు, వాడేసిన పిప్పి వేరు. మట్టిలో ఆమ్లగుణం పెంచడానికని పిప్పి వేసేవాళ్ళు దాని మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. నత్రజని మాత్రం ఉంది, బరువులో సుమారు 2 శాతం, కానీ అది వేరుకి వెంటనే అందే రూపంలో ఉండదు, మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తిని అరిగించుకున్నాక మెల్లగా మొక్కకి దక్కుతుంది. మొదట్లో ఆ సూక్ష్మజీవులు తమ పని కోసం మట్టిలో అప్పటికే ఉన్న నత్రజనిని కూడా కొంత లాగేసుకుంటాయి, అందుకని పచ్చి పిప్పి బాగా కలిపిన కుండీలో ఆకులు కొన్నాళ్ళు పాలిపోయినా ఆశ్చర్యం లేదు. భాస్వరం, పొటాష్ చాలా తక్కువ. కాబట్టి పూలే పూలు అన్న మాటకి అసలు ఆధారం ఏమిటో నాకైతే కనపడలేదు.

కంపోస్ట్‌లో వేస్తే మాత్రం అది బంగారమే. రంగుకి గోధుమగా ఉన్నా కంపోస్ట్ లెక్కలో పిప్పి పచ్చి సరుకు, అంటే నత్రజని ఎక్కువ ఉన్న సరుకు, కిందికే వస్తుంది, అందులో కార్బన్, నత్రజని సుమారు 20కి 1 పాళ్ళలో ఉంటాయి. దానికి ఎండుటాకులో, చింపిన అట్టముక్కలో తోడు కావాలి, మొత్తం పోగులో పిప్పి ఐదో వంతు దాటకుండా చూసుకుంటే వాసన రాకుండా చక్కగా మాగుతుంది.

తడి పిప్పిని ఒకసారి వేళ్ళ మధ్య నలిపి చూడండి, ఎంత సన్నగా ఉంటుందో తెలుస్తుంది. ఆ సన్నటి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఎండాయంటే కుండీ మీద పెచ్చు కట్టేస్తుంది. ఆ పెచ్చు మీద నీళ్ళు పోస్తే మధ్యలో ఇంకవు, అంచు దాకా జారి, మట్టికీ కుండీ గోడకీ మధ్య ఉన్న సందులోంచి కిందకి దిగిపోతాయి. కింద పళ్ళెంలో నీళ్ళు కనపడతాయి కాబట్టి బాగా తడిసిందనే అనుకుంటాం, వేరు దగ్గర మట్టి మాత్రం పొడిగానే ఉంటుంది. అనుమానం వస్తే వేలు రెండు కణుపుల లోతు దించి చూడటమే, అంతకు మించిన పరికరం అక్కర్లేదు.

ఇక కెఫీన్. కాఫీ మొక్క దాన్ని తన రక్షణ కోసం తయారుచేసుకుంటుంది. ఆకు తినే పురుగులకి అది పడదు, రాలిన ఆకుల నుంచి, గింజల నుంచి మట్టిలోకి చేరితే చుట్టుపక్కల వేరే విత్తనాలు మొలకెత్తడానికి అడ్డం పడుతుంది. డికాక్షన్ తీశాక కూడా పిప్పిలో కొంత కెఫీన్ మిగిలే ఉంటుంది, నారు కుండీల దగ్గరికి దాన్ని రానివ్వొద్దని అనుభవం ఉన్నవాళ్ళు అనేది ఇందుకే. పిప్పి చల్లితే నత్తలు చస్తాయని ఇంకో మాట. 2002లో హవాయిలో చేసిన పరిశోధనలో నత్తలని చంపింది 1 నుంచి 2 శాతం కెఫీన్ ఉన్న ద్రావణం. మనం తాగే కాఫీలోనే కెఫీన్ అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ, పిప్పి చల్లితే అదే ఫలితం వస్తుందని ఎలా ఆశిస్తాం చెప్పండి. ఇంకో సంగతి, ఇంట్లో కుక్క ఉంటే పిప్పి దానికి అందే చోట పెట్టకండి, కెఫీన్ కుక్కలకి విషం. ఈ ఒక్క ముక్క చిట్కాలు రాసేవాళ్ళు ఎందుకు రాయరో నాకు అర్థం కాదు, కుండీలు ఉన్న ఇళ్ళల్లో కుక్కలు కూడా ఉంటాయి కదా.

అదే కెఫీన్ కాఫీ పూల మకరందంలో కూడా ఉంటుంది, కాకపోతే చాలా కొద్దిగా. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, కెఫీన్ కలిసిన తీపి నీళ్ళు తాగిన తేనెటీగలు దాంతో పాటు పీల్చిన పూల వాసనని మరునాటికి గుర్తుపెట్టుకోవడం, మామూలు తీపి నీళ్ళు తాగినవాటితో పోలిస్తే మూడు రెట్లు ఎక్కువగా ఉందట. పురుగుని తరిమేదీ అదే, తేనెటీగని మళ్ళీ మళ్ళీ రప్పించుకునేదీ అదే. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, అప్పటి నుంచి కాఫీ మాట ఎప్పుడొచ్చినా ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేను.

కాఫీ మొక్కని కుండీలో పెంచేవాళ్ళు కూడా ఉన్నారు. నూరువరహాలు, గార్డినియా ఉన్న కుటుంబమే దానిదీ. నిగనిగలాడే ముదురాకుపచ్చ ఆకులు, పెద్ద చెట్ల నీడలో పెరిగే అలవాటు, కాబట్టి నేరుగా ఎండలో పెడితే ఆకులు మాడతాయి. గింజ నుంచి పెంచితే పూత రావడానికి మూడు నాలుగేళ్ళు ఓపిక పట్టాలి. పూలు తెల్లగా, మల్లెల్ని గుర్తుచేసే వాసనతో కణుపు కణుపునా గుత్తులుగా వస్తాయి. నాకు బాగా నచ్చేది ఆ పూత వచ్చే తీరు. పొడి రోజుల్లో మొగ్గలు సగం పెరిగి అలాగే ఆగిపోతాయి, ఎన్ని వారాలైనా అలాగే ఉంటాయి, ఒక మంచి వాన పడగానే మళ్ళీ కదిలి, ఎనిమిది పది రోజుల్లో తోటంతా ఒకేసారి విచ్చుకుంటుంది, రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది కూడా. కాఫీ పండించేవాళ్ళు ఆ వాన కోసమే ఆకాశం వైపు చూస్తారు. మొక్కల వాళ్ళు కాఫీ గ్లాసు పట్టుకుని వాన గురించి మాట్లాడుకుంటుంటే పనీపాటా లేని మాటలని ఎవరైనా అంటే, ఆ గ్లాసులోకి కాఫీ వచ్చిందే ఆ వాన వల్ల అని చెప్పాలనిపిస్తుంది.

వాతావరణం మాటకి వద్దాం. వేరేవాళ్ళ మధ్య "ఏంటండీ ఈ ఎండలు" అంటే పలకరింపు, అక్కడితో అయిపోతుంది. మొక్కల వాళ్ళ మధ్య అదే మాట అయితే దాని వెనకే "మీ టమాటాకి పూత నిలుస్తోందా మరి?" అని వస్తుంది. టమాటాకి పగటి వేడి 35 డిగ్రీల దగ్గరికి వచ్చినా, రాత్రి వేడి 24 దిగకపోయినా పుప్పొడి దెబ్బతిని పూలు రాలిపోవడం మామూలు. పూలు రాలుతుంటే చాలామంది ఎరువు తక్కువైందని ఇంకాస్త వేస్తారు. ఎరువు వల్ల రాత్రి చల్లబడదు కదండీ. పక్కింటివాళ్ళవి కూడా రాలుతున్నాయని తెలిస్తే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది, తప్పు మనది కాదు ఎండది అని తెలుస్తుంది, మధ్యాహ్నం పూట నీడ వల కట్టి ఆగుదాం అనుకుంటాం.

పేపర్లో వచ్చే ఉష్ణోగ్రత అంకెలు తప్పని అనడం లేదు, అవి వేరే పని కోసం కొలిచినవి. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరు నేలకి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున, గాలి ఆడేలా, ఎండ నేరుగా తగలకుండా నీడలో ఉంటుంది. మన కుండీ ఉండేది డాబా గచ్చు మీద. నల్ల ప్లాస్టిక్ కుండీకి పడమటి ఎండ తగిలితే ఆ పక్క మట్టి 45 డిగ్రీలు కూడా దాటుతుంది, వేళ్ళకి అది భరించలేని వేడి. అటువైపు వేళ్ళు చచ్చిపోతే మొక్క ఒక పక్కకే వాడిపోవచ్చు, ఏ తెగులో అని మందు కొట్టేవాళ్ళు ఉంటారు. కుండీని ఇంకో కుండీ నీడలోకి జరిపితే, లేదా చుట్టూ గోనెపట్టా చుడితే సరిపోయేదానికి. చలికాలంలో ఇది తిరగబడుతుంది, మబ్బు లేని, గాలి లేని రాత్రి నేలకి దగ్గరగా ఉన్న గాలి ఆ థర్మామీటరు చూపించేదానికన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది, లేత నారు అక్కడే ఉంటుంది.

వాన విషయం కూడా ఇంతే. "నిన్న వాన పడిందిగా, ఇవాళ నీళ్ళెందుకు" అనేది చాలా ఇళ్ళల్లో వినపడే మాట. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు జాగాలో ఒక లీటరు నీళ్ళు. అడుగు వెడల్పు కుండీలోకి 10 మిల్లీమీటర్ల వానలో పడేది ముప్పావు లీటరు లోపే. అది కూడా ఆకులు అడ్డం లేకపోతేనే, గుబురుగా పెరిగిన మొక్క అయితే ఆకులు వాననంతా గొడుగు పట్టినట్టు బయటికి జార్చేస్తాయి, చుట్టూ గచ్చంతా తడి, కుండీలో మట్టి పొడి. అందుకే వాన పడ్డ మరునాడు కూడా కుండీ ఎత్తి బరువు చూసుకోమని పాతవాళ్ళు చెబుతారు. మీ పేపర్లో ఎంత వాన పడిందో మిల్లీమీటర్లలో వేస్తే మాకు ఎంత ఉపయోగమో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది, ఓ మోస్తరు వాన, భారీ వాన అని వేస్తే మాకు లెక్క కుదరదు.

పొద్దున్నే కాఫీతో మొక్కల మధ్య తిరిగే అలవాటుని కాలక్షేపం అనుకోకండి. మొక్క ఎలా ఉందో కనిపెట్టడానికి అది సరైన సమయం. మధ్యాహ్నం మూడింటికి గుమ్మడి ఆకులు వేలాడితే కంగారు పడక్కర్లేదు, వేరు అందించే నీళ్ళ కన్నా ఆకు వదిలే నీళ్ళు ఎక్కువైనప్పుడు అలా అవుతుంది, సాయంత్రానికి లేచి నిలబడుతుంది. పొద్దున ఆరింటికి కూడా వాలిపోయి ఉంటే అప్పుడు ఆలోచించాలి, మట్టి పొడిగా ఉంటే దాహం, తడిగా ఉండీ వాలితే వేరు కుళ్ళు కావచ్చు. ఈ తేడా చూడాలంటే పొద్దున్నే అక్కడ ఉండాలి, కాఫీ చల్లారేదాకా ఉంటే ఇంకా మంచిది.

ఇక వసంతం, అసలు మా కబుర్లన్నీ ముదిరేది అప్పుడే. కర్రలా నిలబడ్డ కొమ్మ మీద కణుపు దగ్గర ఎర్రగా ఒక చుక్క కనపడితే దాన్ని ఎవరికి చూపించాలా అని మనసు ఆగదు. "మీ గులాబీ చిగురేసిందా? మాది ఇంకా మొద్దుగానే ఉంది." "మీది గోడ నీడలో ఉంది కదండీ, ఓ వారం ఆగండి." ఒకే మొక్క, ఒకే వీధి, వారం తేడా. మొక్కలు క్యాలెండర్ చూసి చిగురించవు. కొన్ని పగటి పొడవుని లెక్కపెడతాయి, ఆ సంగతిని అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920లో ఒక పొగాకు రకం మీద పరీక్షలతో తేల్చారు. కొన్ని వేడి పోగుపడటం కోసం చూస్తాయి, ఆపిల్ లాంటివి ముందు తగినంత చలి తిన్నాకే వేడికి స్పందిస్తాయి, చలి చాలకపోతే పూత చెల్లాచెదురుగా వస్తుంది. కాగితం పూలకి కాస్త నీళ్ళు తగ్గిస్తేనే రంగు, మంచి ఎండలో ఉంచి దాహం పెడితే విరగబూస్తాయి, ప్రేమ ఎక్కువై రోజూ తడిపితే ఆకులే. మల్లెకి కొత్త చిగురు మీదే మొగ్గలు, కాబట్టి చలి వెళ్ళే ముందు కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించి, తర్వాత ఎరువు వేసి తడిపితే గుత్తులు గుత్తులుగా వస్తుంది. అదే కత్తెర హైడ్రాంజియా మామూలు రకాల మీద అప్పుడే పెడితే ఆ ఏడాది పూలు పోయినట్టే, ఎందుకంటే దాని మొగ్గలు కిందటి సీజన్‌లోనే పాత కొమ్మ మీద తయారై ఉంటాయి. "వసంతంలో మొక్కలు కత్తిరించండి" అనే చిట్కాకి ఈ రెండు మొక్కల్లో ఒకటి బతుకుతుంది, ఇంకోటి పూయదు.

చిగురుతో పాటు వచ్చే అతిథులు పేనుబంక. లేత చిగురు వెనక్కి తిప్పి చూస్తే పచ్చగానో నల్లగానో సూదిమొనంత పురుగులు ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని ఉంటాయి, ఆకు ముడుచుకుపోతుంది, కింద ఆకుల మీద బంక మెరుస్తుంది, కొమ్మ మీద చీమలు వరుసగా పైకీ కిందికీ తిరుగుతుంటాయి. ఆ చీమలు ఆ తీపి బంక కోసం వస్తాయి, వచ్చి ఊరుకోవు, పేనుబంకని తినే పురుగుల్ని తరిమి కాపలా కాస్తాయి. అందరికీ మొదట తోచేది మందు కొట్టడం. నా మాటగా చెబుతున్నాను, చిగురు మీద పురుగు కనపడిన మొదటి రోజే మందు కొట్టేవాళ్ళని చూస్తే నాకు చేతులు పట్టుకుని ఆపాలనిపిస్తుంది. ముందు పైపుతో కాస్త గట్టిగా నీళ్ళు కొట్టండి, సగం పైగా రాలిపోతాయి, రాలినవి మళ్ళీ పైకెక్కడం తక్కువే. రెండు మూడు రోజులకోసారి కొడుతూ, అక్షింతల పురుగు కోసం చూడండి. దాని పిల్ల పురుగు పెద్దదానిలా ఎర్రగా గుండ్రంగా ఉండదు, నల్లగా పొడుగ్గా, నారింజ మచ్చలతో, ముళ్ళు ఉన్నట్టుగా చూడటానికి భయం పుట్టిస్తుంది. చాలామంది దాన్ని చీడ అనుకుని నలిపేస్తారు. అది రోజంతా పేనుబంకని తింటూ తిరిగే మన మనిషి అని పక్కన తెలిసినవాళ్ళు ఉండి "అయ్యో, దాన్ని చంపకండి" అంటే తప్ప కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఇంకోటి, చిగురు బాగా రావాలని నత్రజని ఎరువు దండిగా వేసిన కుండీల్లోనే పేనుబంక ఎక్కువ చేరుతుంది, లేత రసం ఎక్కడ ఉంటే అక్కడికే కదా.

కబుర్లలో అన్నీ నిజాలే ఉంటాయా అని మీరు అడగొచ్చు. ఉండవు. మిట్టమధ్యాహ్నం ఆకుల మీద నీళ్ళు పడితే ఆ చుక్కలు భూతద్దాలై ఆకుని కాల్చేస్తాయని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. 2010లో హంగరీ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షిస్తే నున్నటి ఆకుల మీద అలాంటిదేమీ జరగలేదు, సన్నటి నూగు ఉండి చుక్కని ఆకుకి కాస్త పైన నిలబెట్టే ఆకుల మీద మాత్రం కాలడం కనపడింది. మధ్యాహ్నం నీళ్ళు పోయకపోవడానికి వేరే కారణాలున్నాయి, కొన్ని నీళ్ళు ఆవిరైపోతాయి. కానీ ఎండలో వాడిపోతున్న మొక్కకి ఈ భయంతో సాయంత్రం దాకా నీళ్ళు ఇవ్వకుండా చూస్తూ కూర్చునేవాళ్ళు ఉన్నారు. కబుర్ల గొప్పతనం ఏంటంటే ఇలాంటిది ఎవరో ఒకరు అంటే "నేను పోశానండీ, ఏమీ కాలేదే" అని ఇంకొకరు అనడానికి వీలుంటుంది. అచ్చయిన చిట్కాకి ఎవరు ఎదురు చెబుతారు?

ఇంకో సంగతి కూడా మీ దృష్టికి తెస్తాను. ఇప్పుడు మనం కబుర్లని తేలిగ్గా తీసుకుంటున్నవే రాసి పెట్టుకుంటే ఎంత పెద్ద విషయాలు అవుతాయో చరిత్రలో ఉంది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736 నుంచి ఏటా మొదటి పువ్వు ఎప్పుడు పూసింది, ఏ చెట్టు ఎప్పుడు ఆకేసింది, ఏ పిట్ట ఎప్పుడు వచ్చింది అని రాసుకుంటూ పోయాడు, ఆయన తర్వాత ఆ కుటుంబం 1958 దాకా రాసింది. జపాన్‌లో క్యోటో చెర్రీ పూత తేదీలు తొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్నాయి, వాటిలో పాతవి చాలావరకు ఎవరెవరి డైరీల్లోనో దొరికినవి, పూలు చూడ్డానికి వెళ్ళాం, బాగున్నాయి అని రాసుకున్న మాటలే. 2021లో అక్కడ మార్చి 26కే పూత నిండుగా వచ్చినప్పుడు, అప్పటిదాకా ఉన్న పన్నెండు వందల ఏళ్ళ లెక్కల్లో అంత తొందరగా ఎప్పుడూ లేదని చెప్పగలిగారంటే ఆ డైరీల వల్లే. వాళ్ళు వాతావరణ మార్పుని కొలవాలని రాయలేదు, పూలంటే ఇష్టం కొద్దీ రాశారు. మన పేపర్లో వారం వారం మొక్కల వాళ్ళు రాసే రెండేసి లైన్లు పాతికేళ్ళ తర్వాత ఎవరికి ఏ పనికొస్తాయో ఇప్పుడు చెప్పలేం.

కాబట్టి నేను అడిగేది పెద్దదేమీ కాదు. వారానికి ఒకసారి, ఒక కాలమ్‌లో సగం, పాఠకుల మొక్కల కబుర్లకి ఇవ్వండి. రాసేవాళ్ళు మొక్క పేరు, కుండీలోనా నేలలోనా, ఎండ ఎంతసేపు పడుతుంది, ఈ వారం ఏం కనపడింది అని రాస్తే చాలు, భాష దిద్దొద్దు, చిట్కాగా కుదించొద్దు. ఒకరి కబురుకి ఇంకొకరి జవాబు పై వారం వేయండి. పక్కనే ఆ వారం పగటి వేడి, రాత్రి వేడి, వాన మిల్లీమీటర్లలో వేయండి, మీ దగ్గర ఆ అంకెలు ఎలాగూ ఉంటాయి. చిట్కాలు పూర్తిగా ఆపలేకపోతే కనీసం ఏ మొక్కకి, ఏ కాలంలో, ఎంత అన్న మూడు ముక్కలు లేనిదాన్ని అచ్చు వేయకండి. వ్యవసాయం చదివినవాళ్ళు ఎవరైనా నెలకోసారి ఆ కబుర్లు చూసి ఇది సరైనదే, ఇది కాదు అని నాలుగు మాటలు రాస్తే ఇంకా సంతోషం. ఇంటర్నెట్‌లో అన్నీ ఉన్నాయి కదా అనొచ్చు మీరు. ఉన్నాయి, కానీ అక్కడ ఫోన్ చేతిలో లేని పెద్దవాళ్ళ మాట వినపడదు, మొక్కల గురించి ఎక్కువ తెలిసింది వాళ్ళకే.

మీరు ఆ శీర్షిక మొదలుపెడితే మొదటి వారానికి నా కబురు ఇప్పుడే పంపుతున్నాను, వేయండి. నిమ్మ మొక్క, పెద్ద కుండీలో ఉంది, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎండ. ఈసారి చిగురుతో పాటు పూత నిండా వచ్చింది, తేనెటీగలు కూడా వస్తున్నాయి, పిందెలు మాత్రం శనగగింజంత కాగానే తొడిమతో సహా రాలుతున్నాయి. మట్టి రెండు కణుపుల లోతున తడిగానే ఉంటోంది, రాత్రిళ్ళు ఉక్కగా ఉంటున్నాయి, కాఫీ పిప్పి ఏమీ వేయలేదు. కొన్ని రాలడం మామూలేనని తెలుసు, ఎన్ని రాలితే మామూలు, ఎప్పుడు పట్టించుకోవాలి అన్నది కుండీలో నిమ్మ పెంచుతున్నవాళ్ళు ఎవరైనా చెబుతారా?

ఇట్లు,
మీ పాఠకురాలు